వేడినీళ్ల గుంట దగ్గర రెండు రాత్రులు



మమ్మల్ని చదువు గురించి మాట్లాడమన్నారు. చదువు గురించే మాట్లాడతాం. కాకపోతే బడి దగ్గర నుంచి కాకుండా ఒక ఇసుక గుంట దగ్గర నుంచి మొదలుపెడతాం. ఆ గుంట గోదావరి ఒడ్డున ఉంది. అందులో ఊరేది వేడినీళ్లు.

మా హాస్టల్ పిల్లలు పధ్నాలుగు మంది, పెద్దవాళ్లం ముగ్గురం, గత సంక్రాంతి సెలవుల్లో అక్కడికి వెళ్లాం. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలు. సుగాలీ పిల్లలు, యానాది పిల్లలు, ఎరుకల పిల్లలు, నల్లమల నుంచి వచ్చి చదువుకుంటున్న ఇద్దరు చెంచు పిల్లలు. వీళ్లలో చాలామందికి హాస్టలూ, ఇల్లూ, మిరపచేనూ తప్ప నాలుగో చోటు తెలియదు.

పిల్లలను పంపమని ఇంటింటికీ తిరిగినప్పుడు మాకు ఎదురైన మాట ఒక్కటే. "కోతల రోజుల్లో యాత్రలేంటమ్మా?" వాళ్లన్నది తప్పు కాదు. మన గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల్లో పత్తితీతలు అయిపోవస్తుంటే మిరపకోతలు అందుకుంటాయి. ఇంట్లో ఎన్ని చేతులుంటే అంత కూలి. తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఒకతిని వాళ్లమ్మ ఒక ఒప్పందం మీద పంపింది. బయలుదేరే ముందు నాలుగు రోజులు కోతకు రావాలి, తిరిగొచ్చిన మర్నాడు మళ్లీ చేలో ఉండాలి. ఆ పిల్ల పేరు ఈ సభలో చెప్పం. ఇక్కడ ఎక్కడో కూర్చునే ఉంది. ఈ మాటలన్నీ చెప్పమని తనే ఒప్పుకుంది.

విజయవాడ, తిరువూరు, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం చేరాం. అక్కడికి దాదాపు 5 కిలోమీటర్ల దూరంలో గుండాల ఉంది. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంటే, 2014 తర్వాత గుండాల మన ఆంధ్రప్రదేశ్‌లో, ఎటపాక మండలంలో ఉంది. ఆ ఊరి దగ్గర గోదావరి ఒడ్డున ఇసుకలో గుంట తవ్వితే వేడినీరు ఊరుతుంది. బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులు చలికాలంలో అక్కడ స్నానం చేస్తారని భక్తులు చెప్పుకుంటారు.

మేము బస చేసింది పట్టణంలో కాదు. టీచర్ ట్రైనింగ్‌లో మాతో చదువుకున్న కోయ స్నేహితురాలి అన్నావదినలు అడవి అంచున ఉంటారు. వాళ్ల పొలం పక్కన ఒక పాక. వెదురు తడికలకు మట్టి మెత్తి, నేల పేడతో అలికి, పైన తాటాకు కప్పారు. కరెంటు లేదు. ఫోన్ సిగ్నల్ లేదు. దగ్గర్లో మరో ఇల్లు లేదు. చీకటి పడ్డాక ఎండుటాకుల మీద ఏదో నడిచిన చప్పుడు, దూరంగా కుక్క అరుపు తప్ప ఏమీ వినపడలేదు.

మొదటి రాత్రి జావ తాగి, చిక్కుడుకాయ కూరతో అన్నం తిని పడుకున్నాం. ఆ తొమ్మిదో తరగతి పిల్ల మా పక్కనే పడుకుంది. కాసేపయ్యాక మెల్లగా అడిగింది.

"మేడమ్, ఇంత దూరం మమ్మల్ని గుడిసెలో పడుకోబెట్టడానికి తీసుకొచ్చారా? గుడిసె మాకు లేదా?"

మా దగ్గర జవాబు లేదు. ట్రైనింగ్‌లో ప్రశ్నలు ఎలా అడగాలో నేర్పారు గానీ, ఇలాంటి ప్రశ్న వస్తే ఏం చెప్పాలో నేర్పలేదు. "పొద్దున చూద్దాం, పడుకో" అన్నాం. నిజం చెప్పాలంటే అది జవాబు తప్పించుకోవడమే.

తెల్లారుజామున చలికి అందరం వణుకుతూ నది ఒడ్డుకు నడిచాం. పిల్లలు ఉత్సాహంగా ఇసుకలో గుంట తవ్వారు. మోచేతి లోతు తవ్వాక నీళ్లు వచ్చాయి. చల్లగా ఉన్నాయి! రెండో గుంట తవ్వారు. అవీ చల్లనివే. అప్పుడు మా స్నేహితురాలి తల్లి లేచింది. పిల్లలందరూ ఆమెను అవ్వా అని పిలిచారు. అవ్వ చెప్పులు విడిచి ఇసుక మీద అటూ ఇటూ నడిచింది. అరికాలితో నొక్కి చూసింది. ఒక చోట ఆగి, "ఇక్కడ" అంది. అక్కడ తవ్వితే నీళ్లు గోరువెచ్చగా మొదలై, తోడినకొద్దీ వేడెక్కాయి. తెల్లటి ఆవిరి లేచింది. పిల్లలు కేకలు పెట్టారు.

మా చెంచు పిల్ల ఒకతి అడిగింది. "అవ్వా, ఇక్కడ గుర్తేమీ పెట్టుకోలేదా?" అవ్వ నవ్వింది. గుర్తు పెట్టినా ఏటా వరదకు కొట్టుకుపోతుందట. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిన సంగతి మీరంతా వార్తల్లో చూశారు. అంతటి నీరు వచ్చి పోయాక ఒడ్డు ఒడ్డంతా మారిపోతుంది. మళ్లీ కాలితో వెతుక్కోవాలి, మళ్లీ తవ్వుకోవాలి. ఆ ఎరుక ఏ పుస్తకంలోనూ లేదు, అవ్వ అరికాలిలో ఉంది.

అప్పుడు జరిగింది అసలు సంగతి. అందరితోపాటు ఆ తొమ్మిదో తరగతి పిల్ల కూడా చేతులు నీళ్లలో పెట్టింది. పెట్టీ పెట్టగానే "అమ్మో" అని వెనక్కి లాక్కుంది. మిగతా పిల్లలకు హాయిగా ఉన్న నీళ్లే ఆమెకు నిప్పులా తగిలాయి. నాలుగు రోజులు మిరపకాయలు కోసిన చేతులు కదా. మన ఇళ్లలో అందరికీ ఈ మంట తెలుసు. రాత్రి అన్నం కలుపుకోవడానికి కూడా చెయ్యి ఒప్పుకోదు. పిల్లను ఎత్తుకున్న తల్లి చెయ్యి పిల్ల కంటికి తగిలితే ఇల్లంతా ఏడుపే.

అవ్వ ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఇప్పనూనె రాసింది. నీళ్లతో కడగనివ్వలేదు. నూనె రాసి, గుడ్డతో తుడిచి, మళ్లీ రాసింది. కాసేపటికి మంట తగ్గింది. మిరప పండని ఊళ్లో ఉన్న అవ్వకు మిరప మంటకు మందు ఎలా తెలుసని అడిగాం. "మా పిల్లలు కోతలకు మీ వైపు దేశాలకు పోరా ఏంటి?" అంది. అందరం నవ్వాం. తర్వాత ఆ మాట లోపలే ఉండిపోయింది.

ఇక్కడ కాసేపు టీచరు పని చేస్తాం, ఓపిక పట్టండి.

మిరపలో మంట పుట్టించే పదార్థం పేరు క్యాప్సైసిన్. అది నీటిలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే అవ్వ నీళ్లు వద్దని నూనె రాసింది. మరి వేడినీళ్లు తగిలితే మంట ఎందుకు పెరిగింది? మన చర్మంలోని నరాల చివర్లలో వేడిని పసిగట్టే ఒక చిన్న ద్వారం ఉంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అది తెరుచుకుని, "కాలుతోంది" అని మెదడుకు కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ కూడా సరిగ్గా ఆ ద్వారాన్నే తెరుస్తుంది. మిరప తగిలితే నిజంగా చెయ్యి కాలదు, కానీ కాలుతున్నట్టే మెదడుకు తెలుస్తుంది. అప్పటికే సగం తెరిచి ఉన్న ద్వారానికి వేడినీళ్లు కూడా తోడైతే ఇక చెప్పేదేముంది! ఈ ద్వారాన్ని క్యాప్సైసిన్ సాయంతోనే కనిపెట్టిన డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్తకు, మరో శాస్త్రవేత్త ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి, 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మన అమ్మల చేతులకు రోజూ తెలిసిన సంగతిలోనే ఒక నోబెల్ ఉంది. ఆ రోజు గుంట పక్కన కూర్చుని ఈ పాఠం చెబితే, క్లాసులో కునికే పిల్లలు కూడా రెప్ప వేయలేదు.

నీళ్లు వేడిగా ఎందుకున్నాయని కూడా అడిగారు. భూమిలోకి దిగేకొద్దీ కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. గోదావరి లోయ కోట్ల ఏళ్ల కిందట పగుళ్ల మధ్య నేల కుంగి ఏర్పడింది. కొత్తగూడెం, మణుగూరు బొగ్గు అలా కుంగిన చోట పేరుకున్న పొరల్లోనిదే. వాననీరు ఆ పగుళ్ల గుండా లోతుకు దిగి, వేడెక్కి, మరో పగులు గుండా పైకి వస్తుంది. మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి సంస్థ వేసిన బోరులో ఇలాగే వేడినీళ్లు వస్తాయి. వాటితో 20 కిలోవాట్ల కరెంటు తీసే చిన్న ప్రయోగాత్మక కేంద్రం పెట్టారు. అంటే దేవుడి స్నానపు గుంటా, రేపటి కరెంటూ ఒకే నీళ్లలో ఉన్నాయన్నమాట.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మీరు ఎప్పుడైనా వెళితే ముందు మోచేత్తో వేడి చూసుకోండి. పసిపిల్లలను దించకండి. నది దగ్గర తెలిసినవాళ్ల తోడు లేకుండా దిగకండి. గుంట దగ్గర వెచ్చగా ఉందని పక్కన లోతు ఉండదనుకోవద్దు.

రెండో రాత్రి పాక ముందు మంట వేసుకుని కూర్చున్నాం. ఎవరో నీళ్లు అడిగారు. అవ్వ లోపలికి కేకేసి "ఏరు" తెమ్మంది. పిల్లలు ఏరంటే వాగనుకుని తెల్లబోయారు. కోయ భాషలో ఏరు అంటే నీళ్లే. అక్కడ నుంచి ఆట మొదలైంది. సుగాలీ పిల్ల "మాకు పాణి" అంది. ఎరుకల పిల్ల "మాకు తణ్ణి" అంది. హాస్టల్లో మూడేళ్లుగా పక్కపక్క మంచాల మీద పడుకున్న పిల్లలు వాళ్లు. ఒకరి ఇంటి మాట ఒకరు అడగడం మేము చూసింది ఆ రాత్రే. హాస్టల్లో వాళ్లు ఇంటి భాష మాట్లాడుకోరు. ఎవరైనా నవ్వుతారని భయం. ఆ భయం పోగొట్టడం మా పని. ఇన్నేళ్లూ మేము ఆ పని సరిగా చేయలేదని కూడా ఆ రాత్రే తెలిసింది.

ఆ మంట దగ్గరే మా ఎరుకల పిల్ల వాళ్ల తాత చెప్పిన సంగతి చెప్పింది. నేరస్థ జాతుల చట్టమని ఒకటి ఉండేది. 1871లో ఉత్తరాదిన మొదలై, 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చింది. మన బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం ఆ చట్టం కింద ఎరుకలవాళ్లను ఉంచడానికి పెట్టిన సెటిల్‌మెంటే. అక్కడివాళ్లు ఊరు దాటి ఒక రాత్రి మరో చోట పడుకోవాలంటే అనుమతి చీటీ కావాలి. దేశమంతటా ఆ చట్టం పూర్తిగా పోవడానికి 1952 దాకా పట్టింది. "మా తాత చీటీ లేకుండా చుట్టాలింట్లో కూడా పడుకోలేదట మేడమ్. నేను ఇక్కడ పడుకున్నానంటే నమ్మడు" అంది ఆ పిల్ల.

ఒక రాత్రి ఎక్కడైనా అతిథిగా పడుకోవడం చిన్న సంగతిలా కనిపిస్తుంది. మన పెద్దలకు అది దొరకని హక్కు.

అప్పుడు మాకు మొదటి రాత్రి ప్రశ్నకు జవాబు కొంచెం కొంచెంగా దొరికింది. ఆ తొమ్మిదో తరగతి పిల్లను దగ్గరకు పిలిచి అడిగాం. "అమ్మా, మీ గుడిసెకు చుట్టాలొస్తే ఎక్కడ కూర్చోబెడతారు?" ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. వాళ్లది కోతల కాలంలో రైతు చేను గట్టు మీద కట్టుకునే పరదా పట్టా. కోతలైపోతే విప్పేయాలి. చుట్టాలను రమ్మని పిలవడానికి అది వాళ్ల చోటు కాదు. హాస్టల్లో స్నేహితురాళ్లకు మాత్రం తమకు ఊళ్లో ఇల్లుందని చెప్పుకుంది.

తాటాకు పాక అయినా, పట్టా గుడారమైనా చలి ఒకటే, చీకటి ఒకటే. కానీ అవ్వ తన పాక ముందు నిలబడి పదిహేడు మందిని "రండి, కూర్చోండి" అనగలిగింది. ఆ నేల ఆమెది. గుడిసెలో ఉండటంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పిలిచి ఒకరిని కూర్చోబెట్టుకునే చోటు లేకపోవడమే మన లోటు. ఆ లోటుకు సిగ్గుపడాల్సింది మనం కాదు.

యువకులకు ఇంకో మాట. ఇలాంటి అడవి పాకలకు ఇప్పుడు గిరాకీ పెరిగింది. పట్నంవాళ్లు డబ్బు కట్టి మరీ కరెంటు లేని చోట పడుకోవడానికి వస్తున్నారు. ఒడిశాలో, మన తెలుగువాళ్లు ఎందరో ఉండే బరంపురానికి 50 కిలోమీటర్ల దూరంలో తప్తపాణి అనే వేడినీటి బుగ్గ ఉంది. అక్కడి అమ్మవారు కంధిమాత. ఆ పేరులోనే కంధ గిరిజనులున్నారు. పక్కనే ఒడిశా పర్యాటక సంస్థ అతిథి గృహం ఉంది, బుగ్గ నీళ్లను గదుల్లోని స్నానపు తొట్టెల్లోకే తెచ్చారు. మనకు దగ్గర్లో చూస్తే దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో తుమ్మలబైలు, ఆత్మకూరు వైపు బైర్లూటి. అక్కడ అటవీ శాఖ ఏర్పాటు చేసిన బసల్లో, సఫారీల్లో చెంచు యువకులు పనిచేస్తున్నారు. అడవి తెలిసినవాడికి అడవిలోనే జీతం దొరకడం మంచిదే.

అయినా మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? దారి చూపేవాడు మనవాడైతే చాలదు. ధర ఎంతో, ఎంతమంది రావాలో, ఎక్కడిదాకా రావాలో చెప్పే చోట కూడా మనవాళ్లు ఉండాలి. అందుకు చట్టాలు ఉన్నాయి. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970 నాటి 1/70 చట్టం ఉంది. గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పులో చెప్పింది. గ్రామసభకు మాట ఇచ్చిన 1996 నాటి పీసా చట్టం ఉంది. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో షెడ్యూల్డు ప్రాంతం లేదు, కాబట్టి ఈ రక్షణలు ఇక్కడ మనకు వర్తించవు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం అడవి ఉన్న ప్రతిచోటా వర్తిస్తుంది, నల్లమల చెంచులకు కూడా. ఇవి పోటీ పరీక్షల కోసం బట్టీ పట్టే పేర్లు కావు. ఒక్కొక్కటీ ఒక్కొక్క ఇంటి తాళంచెవి. చదివి దాచుకోండి.

తిరిగొచ్చాక ఏం జరిగిందో చెప్పి ముగిస్తాం.

సెలవులు అయిపోయాయి. పదమూడు మంది పిల్లలు హాస్టల్‌కు వచ్చారు. ఆ తొమ్మిదో తరగతి పిల్ల రాలేదు. ఒప్పందం ప్రకారం చేలోకి వెళ్లింది, చేలోనే ఉండిపోయింది. వారం గడిచింది. ప్రతి ఏడూ సంక్రాంతి తర్వాత కొన్ని మంచాలు ఇలాగే ఖాళీ అవుతాయి. వాటిలో కొన్ని ఇక నిండవు. మేము రిజిస్టరులో "గైర్హాజరు" అని రాసి ఊరుకున్న సంవత్సరాలూ ఉన్నాయి. దాచుకోవడం ఎందుకు?

పదకొండో రోజు ఆమె ఫోన్ చేసింది. "మేడమ్, రేపు ఆదివారం మా దగ్గరకు రండి" అంది. "ఎక్కడికి?" అని అడిగాం. "చేలోకి. మా పట్టా దగ్గరకు. నలుగురు పిల్లలను కూడా తీసుకురండి."

వెళ్లాం. గట్టు మీద నీలం పట్టా. పక్కన కల్లంలో ఎర్రగా ఎండుతున్న కాయలు, ఆ ఘాటుకు మా తుమ్ములు. ఆ పిల్ల పట్టా ముందు నేల ఊడ్చి, నీళ్లు చల్లి, చిన్న ముగ్గు వేసింది. గోనెసంచులు పరిచి మమ్మల్ని కూర్చోబెట్టింది. తన చేతులకు నూనె రాసుకుని ఉంది. వాళ్లమ్మకు కూడా రాసింది. వాళ్లమ్మ గ్లాసులు సరిపోక ఇద్దరిద్దరికి ఒక గ్లాసులో టీ పోసింది. స్నేహితురాళ్లు చుట్టూ చూశారు, ఎవరూ నవ్వలేదు. ఒక పిల్ల మాత్రం "మీ పట్టా మా పట్టా కంటే పెద్దదే" అంది.

టీ తాగాక వాళ్లమ్మ మాతో అంది. "ఇంతవరకు మా దగ్గరికి చుట్టంగా ఎవరూ రాలేదమ్మా. కూలికి పిలవడానికి వచ్చారు, అప్పు అడగడానికి వచ్చారు." కాసేపాగి, "దాన్ని తీసుకుపోండి. దాని చేతులు మిగలాలి" అంది. ఆ సాయంత్రమే ఆ పిల్ల మాతో హాస్టల్‌కు వచ్చింది.

కాబట్టి మన యువతను మేము కోరేవి మూడే పనులు.

ఈ సంక్రాంతి తర్వాత మీ ఊరి చుట్టూ చేలగట్ల మీద ఉన్న పట్టాల దగ్గరకు వెళ్లండి. సర్వే కాగితాలతో కాదు, చుట్టాలుగా వెళ్లండి. ఇచ్చిన టీ తాగండి. బడి మానిన పిల్లలుంటే దగ్గర్లోని హాస్టల్‌కు కబురు చేయండి. మీరు పిలిస్తే వచ్చే పిల్ల మేము పిలిస్తే రాకపోవచ్చు.

రెండోది, మరో తెగవాళ్ల అడవికో, బుగ్గకో వెళితే అతిథుల్లా ఉండండి. అడగకుండా ఫోటో తీయకండి. తెచ్చిన ప్లాస్టిక్‌ను వెంట తీసుకుపోండి. మన తండాకు వచ్చి పట్నంవాళ్లు చేస్తే మనకు ఏది నచ్చదో, అది మనం చేయవద్దు.

మూడోది, మీ ఇంట్లో పెద్దవాళ్లను నీళ్ల గురించి అడగండి. ఏ వాగు ఎప్పుడు ఎండుతుంది, ఏ ఊట ఎప్పుడూ ఎండదు, దాన్ని మన భాషలో ఏమంటారు. మన సంఘం పుస్తకంలో రాసి పెట్టండి. అవ్వ అరికాలిలో ఉన్నది అవ్వతోనే పోకూడదు.

ఆ పిల్ల ఇప్పుడు పదో తరగతికి వచ్చింది. పెద్దయ్యాక ఏం చేస్తావని మొన్న అడిగాం. "ఒక గది వేస్తా మేడమ్, మా సొంత చోట. మొదటి చుట్టం అవ్వ" అంది.

ఆ రోజు మేమూ వస్తాం.